కింద పెద్దలు, పైన యాత్రికులు: కోనసీమ పుష్కరాల వసతి గురించి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ అధికారులకు, గోదావరి పుష్కరాల ఏర్పాట్లు చూస్తున్న యంత్రాంగానికి, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజుల కోసం ఘాట్లు, రోడ్లు, షెడ్లు, మరుగుదొడ్లు ఎన్ని కావాలో మీ దగ్గర లెక్కలు సాగుతుంటాయి. యాత్రికులు ఎక్కడ పడుకుంటారన్నది అందులో పెద్ద ప్రశ్న. ఇంకోవైపు 2024-29 పర్యాటక విధానంలో ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది, హోమ్ స్టేలను ప్రోత్సహిస్తామంది. వసతి కోసం పెట్టే డబ్బు పన్నెండు రోజులతో అయిపోకుండా, ఇక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు మళ్లీ పుష్కరాలు వచ్చేదాకా పన్నెండేళ్లూ పనికొచ్చేలా ఖర్చు పెట్టొచ్చు. ఆ విషయం చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను కోనసీమలో ఇళ్లకు ప్లాన్లు గీసే సివిల్ ఇంజనీరుని. ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో ఉన్న పాత ఇంటిని హోమ్ స్టేగా మార్చాలనుకునేవాళ్లే. అడిగేది హైదరాబాద్ నుంచో, అమెరికా నుంచో ఫోన్ చేసే కొడుకు. ఇంట్లో ఉండేది అమ్మానాన్నలు, చాలాసార్లు అమ్మ ఒక్కతే. పైన ఏసీ గదులు, తోటలో ఊయల, ఫొటోలు దిగడానికి ఒక మంచి చోటు అని చెబుతూ పోతారు. అమ్మగారి గది ఎక్కడ అని అడిగితే, ఆవిడకేముందండీ, వెనకవైపు గదిలో సర్దుకుంటుంది అంటారు. దుర్మార్గంతో అనరు, ఆలోచించక అంటారు. కానీ ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో బతికే మనిషి ఆ ఇంటి ప్లానులోంచి తప్పుకుంటుంది.

నేను కోరేది దీనికి తిరగబడిన క్రమం. ప్లాను గీసేటప్పుడు మొదటి గీత పెద్దవాళ్ల గదిది కావాలి. అతిథి గది దాని తర్వాత రావాలి. ప్రభుత్వం రాయితీ ఇచ్చే ప్రతి ఇంటికీ ఇది షరతుగా ఉండాలి.

పెద్దవాళ్ల సంఖ్య గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2022లో మన దేశ జనాభాలో 60 ఏళ్లు దాటినవాళ్లు 10.5 శాతం, 2050 నాటికి ఇది దాదాపు రెట్టింపై 20.8 శాతానికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా వేసింది. కోనసీమలో ఈ మార్పు కళ్లకు కనిపిస్తుంది. పెద్ద మండువా ఇళ్లలో పిల్లలంతా వెళ్లిపోగా మిగిలిన దంపతులు ఒక రకం. రెండో రకాన్ని పర్యాటకం మాట్లాడేటప్పుడు ఎవరూ తలుచుకోరు. కూతురు కువైట్‌లో ఇళ్లల్లో పనికి వెళితే మనవల్ని పెంచుతూ కాలనీ ఇంట్లో ఉంటున్న మామ్మలు వాళ్లు. ఏ పథకమైనా ఈ ఇద్దరికీ పనికిరాకపోతే అది కోనసీమ పథకం కాదు.

ముందు పాత ఇంటి సంగతి. మండువా ఇల్లు చూడ్డానికి ఎంత బావుంటుందో, డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు అందులో మసలడం అంత కష్టం. వీధిలోంచి అరుగు ఎక్కడానికి నాలుగైదు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ప్రతి గదికీ ఎత్తైన గడప. తలుపులు సన్నం, రెండున్నర అడుగుల దగ్గర ఆగిపోయేవే ఎక్కువ. వానాకాలంలో మండువాలో పడ్డ నీళ్లు చుట్టూ వసారాల మీదకి చిందుతాయి, నున్నటి గచ్చు జారుతుంది. స్నానాల గది, మరుగుదొడ్డి పెరటి చివర. రాత్రి రెండుసార్లు లేవాల్సిన మనిషి చీకట్లో పెరడు దాటాలి. 65 దాటినవాళ్లలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు ఏడాదికి ఒకసారైనా పడిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తుంటి ఎముక విరిగాక మళ్లీ మామూలుగా నడిచినవాళ్లు ఎందరో మీ ఊళ్లలో లెక్క చూసుకోండి.

కాబట్టి రాయితీ డబ్బులో మొదటి రూపాయి పడాల్సింది ఇక్కడ. పెద్దవాళ్ల పడకగదిని ఆనుకుని మరుగుదొడ్డి. తలుపు వెడల్పు ఖాళీగా మూడు అడుగులు. లోపల చక్రాల కుర్చీ తిరగడానికి ఐదు అడుగుల జాగా. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకి గట్టిగా బిగించిన స్టీలు కడ్డీలు. జారని టైల్స్. గదిలోంచి మరుగుదొడ్డికి వెళ్లే దారిలో రాత్రంతా వెలిగే చిన్న లైటు, అది ఇన్వర్టర్ మీద ఉండాలి. మొత్తం ఖర్చు చూస్తే ఒక అతిథి గదికి ఏసీ, ఫాల్స్ సీలింగు పెట్టించడం కంటే ఎక్కువేమీ కాదు. గడపల విషయంలో గొడవ వస్తుందని నాకు తెలుసు. సింహద్వారం గడపకి పసుపు రాసి బొట్టు పెట్టే ఇంట్లో దాన్ని తీసేయమనడం నా వల్ల కాదు, అక్కర్లేదు కూడా. దానికి రెండువైపులా చిన్న వాలు కట్టొచ్చు. లోపలి గదుల గడపలు మాత్రం తీసేయాల్సిందే.

ఇక మెట్ల సంగతి. కోనసీమలో ఇల్లు ఎత్తు మీద కట్టక తప్పదు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలన్నది మన దేశ ప్రమాణం. అంటే మూడు అడుగుల ఎత్తు అరుగుకి ముప్పై ఆరు అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి చదును కలిపితే నలభై దాకా. ఈ లెక్క చెప్పగానే అందరూ వెనక్కి తగ్గుతారు, లేదా నిట్టనిలువుగా పది అడుగుల వాలు ఒకటి పోయించి ర్యాంపు అయిపోయిందంటారు. దాని మీద కుర్చీ తోస్తే మనిషి వెనక్కి పడతాడు. నా సలహా ఏమిటంటే, ఆ నలభై అడుగుల్ని ఇంటి పక్కగోడ వెంబడి వసారాగా కట్టండి. పైన పెంకులు, పక్కన కటకటాలు, మధ్యలో చదునుగా ఉన్న చోట ఒక బల్ల. సాయంత్రం పెద్దాయన నడకకి అదే దారి. అతిథి తన చక్రాల సూట్‌కేసుని లాక్కెళ్లేదీ అదే దారి. మోకాళ్ల నొప్పులున్న తల్లిని అంతర్వేది తీసుకొచ్చిన కుటుంబానికి ఈ ఒక్క వసారా చాలు, వాళ్లు ఇంకో హోటల్ వెతకరు. తీర్థయాత్రలకి వచ్చేవాళ్లలో చాలామంది పెద్దవాళ్లే. అప్పనపల్లికీ, అయినవిల్లికీ, ర్యాలికీ, శనివారాలు వాడపల్లికీ వచ్చేవాళ్లని గమనించండి, పక్కన ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి ఉంటాడు. ఇంటి పెద్దకి సుఖమైన ఇల్లు అతిథి పెద్దకీ సుఖమే.

వరద గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ నేల మీద ఏ కట్టడానికైనా అసలు పరీక్ష అదే. పెద్దవాళ్లు మెట్లెక్కకుండా కింద ఉండాలి. గోదావరి వస్తే ముందు మునిగేది కిందే. ఈ రెండింటినీ ఒక ప్లానులో కలపడం తేలిక కాదు. 1986 ఆగస్టు వరద గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలినప్పుడు, నది మధ్య దీవుల్లాంటి లంకల్లో ఇళ్ల చుట్టూ ఎంత నీరు చేరిందో మీ శాఖల దగ్గరే ఫొటోలు ఉన్నాయి. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇంట్లో ఒక్కతే ఉన్న మామ్మని మూడో హెచ్చరిక నాడు పడవ ఎక్కించడం ఎంత కష్టమో పడవ నడిపేవాళ్లని అడగండి.

అందుకే పై అంతస్తు కావాలి, అది అతిథులది కావాలి. మామూలు రోజుల్లో పైన యాత్రికులుంటారు. వరద రోజుల్లో ఆ గదులు ఎలాగూ ఖాళీ. రెండో హెచ్చరిక రాగానే కింద ఉన్న పెద్దవాళ్లు పై గదుల్లోకి మారాలి. దానికి మెట్ల దారిని అందుకు తగ్గట్టు కట్టాలి. మెట్టు ఎత్తు ఆరు అంగుళాలు మించకూడదు, అడుగు పెట్టే జాగా పన్నెండు అంగుళాలు ఉండాలి. ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని మలుపు తిరగగలిగినంత వెడల్పు ఉండాలి. రెండు వైపులా పట్టుకునే రెయిలింగు. ఇనుప గుండ్రటి మెట్లు పెట్టి జాగా మిగిల్చామనుకునేవాళ్లకి అనుమతి ఇవ్వొద్దు. పైన ఒక నీళ్ల ట్యాంకు, ఒక గ్యాస్ పొయ్యి, మందుల కోసం చిన్న ఫ్రిజ్, ఇన్వర్టర్ కూడా పై అంతస్తులోనే. 1996 నవంబరు తుపాను చూసిన నేల ఇది. గాలికి కూడా ఆ పై కప్పు నిలవాలి, రేకులు పనికిరావు.

ఇంకో మాట. లంకల్లో, ఏటిగట్టు లోపల కొత్తగా ఇలాంటివి కట్టడానికి అనుమతులు ఇవ్వకండి. నది కనిపిస్తుందని అతిథికి నచ్చుతుంది. రోజూ అక్కడే పడుకునే మనిషికి అది ప్రమాదం.

ఒకే ఇంట్లో ఇద్దరినీ ఉంచితే కలిసిమెలిసి ఉంటారు, పెద్దవాళ్లకి తోడు దొరుకుతుంది అని మీటింగుల్లో సులువుగా అనేస్తుంటారు. కొందరికి దొరుకుతుంది. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణంలో ఒక వృద్ధాశ్రమం కాలేజీ విద్యార్థులకి అద్దె లేకుండా గదులిచ్చి, నెలకి 30 గంటలు అక్కడి పెద్దవాళ్లతో గడపమంది. అది బాగా నడిచింది. కానీ విద్యార్థి నెలల తరబడి ఉంటాడు, పేరు తెలుస్తుంది. యాత్రికుడు రాత్రి వచ్చి పొద్దున్నే వెళ్తాడు. వారానికి ఆరుగురు కొత్త మనుషులు వంటింట్లోకి తొంగి చూస్తే ఏ పెద్దావిడకైనా టెన్షనే. అందుకని దారులు వేరుగా ఉండాలి. అతిథికి పైకి వెళ్లే మెట్లు బయటినుంచే మొదలవ్వాలి. పెద్దవాళ్ల గది, వంటిల్లు, పూజ, పెరడు వాళ్లవే, అక్కడికి తలుపు వాళ్లవైపు నుంచే గడియ పడాలి. కలిసే చోటు ఒక్కటి చాలు, అది వీధి అరుగు. అక్కడ కూర్చుని మాట్లాడాలనుకుంటే పెద్దాయన తనే వచ్చి కూర్చుంటారు. రాకపోతే ఆయన ఇష్టం. పై అంతస్తు శ్లాబు మీద కుర్చీలు ఈడ్చే చప్పుడు కిందికి రాకుండా అతిథి పడకలన్నీ పెద్దవాళ్ల గది మీద కాకుండా వసారా, సావిడి మీదకి వచ్చేలా ప్లాను గీయొచ్చు. ఖర్చు లేని జాగ్రత్త అది, గీసేటప్పుడు గుర్తుండాలంతే. రాత్రి తొమ్మిది తర్వాత పాటలు, తోటలో మందు పార్టీలు ఉండవని బుకింగు దగ్గరే రాసి ఉండాలి.

పని ఎవరు చేస్తారన్నది ఇంకా పెద్ద విషయం. గోదావరి జిల్లాల భోజనం, మామ్మ చేతి పులస పులుసు అంటూ ప్రకటనలు తయారుచేయడం తేలిక. ఆ మామ్మకి డెబ్బై ఐదేళ్లు. పొద్దున్నే లేచి పదిమందికి పెసరట్లు వేయమనడం తప్పు. ఇటలీలో ఒక పద్ధతి ఉంది, అల్బెర్గో డిఫూజో అంటారు. 1976 ఫ్రియులీ భూకంపం తర్వాత ఖాళీ అయిన ఊళ్లని నిలబెట్టే ఆలోచనల్లోంచి పుట్టింది. ఊరంతా ఒక హోటలు. గదులు వేర్వేరు ఇళ్లలో ఉంటాయి, బుకింగులు, తాళాలు, భోజనం ఒక్కచోట. ఇది మన ఊళ్లకి సరిగ్గా సరిపోతుంది. ఊరికి ఒక ఉమ్మడి ఆఫీసు పెట్టి, దాన్ని డ్వాక్రా మహిళల సంఘానికి అప్పగించండి. దుప్పట్లు ఉతకడం, గదులు తుడవడం, టిఫిన్లు, విదేశీ అతిథి వస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఇవ్వాల్సిన వివరాలు, అన్నీ వాళ్లు చూస్తారు, జీతం తీసుకుని చూస్తారు. రోజూ గది తుడవడానికి పైకి వెళ్లే మనిషి కింద పెద్దావిడని కూడా ఒకసారి పలకరించి, మాత్ర వేసుకున్నారా అని అడిగి వెళ్తుంది. ఈ పలకరింపుని ఆమె పనిలో భాగంగా రాసి, దానికీ డబ్బు ఇవ్వండి. పిల్లలు దూరంగా ఉన్న ఇంట్లో అన్నిటికన్నా విలువైన సేవ అదే.

డబ్బు దగ్గరికి వస్తే, అతిథులు ఏడాది పొడవునా రారు. కార్తీకమాసం, సంక్రాంతి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది కల్యాణం. దిండి వైపు శని ఆదివారాలు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం, రాబడి దాదాపు సున్నా. పెద్దవాళ్లకి మనిషి అవసరం అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఆ మూడు నెలలే. ఎవరి ఇంటి రాబడి వాళ్లకే అంటే ఆ నెలల్లో సహాయకురాలికి జీతం ఇచ్చేవాళ్లు ఉండరు. అందుకే ప్రతి గది అద్దెలోంచి కొంత భాగం ఊరి ఉమ్మడి నిధికి వెళ్లాలి. వరద నెలల్లో ఆ నిధి నుంచే జీతాలు. ఎంత భాగమన్నది ఊరి సంఘం, మీ అధికారులు కూర్చుని తేల్చవచ్చు. నిధి లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

మురుగు విషయం చిన్నదిగా కనిపిస్తుంది. ఇద్దరు మనుషుల కోసం కట్టిన సెప్టిక్ ట్యాంకు మీద పన్నెండు మంది అతిథుల్ని పెడితే, నేలలో నీళ్లు ఇంత పైన ఉన్న ఊళ్లో అది నేరుగా పక్కింటి నూతిలోకి చేరుతుంది. సముద్రం వైపు ఊళ్లలో మంచినీటికి ఇప్పటికే ఉప్పు బాధ. పడకల సంఖ్యకి తగ్గ ట్యాంకు లేని ఇంటికి లైసెన్సు ఇవ్వొద్దు. మినహాయింపు పుష్కరాల పేరుతో కూడా వద్దు.

చట్టాల్లో మనకి కొంత ఆధారం ఉంది. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఇంటికి ఒకటి నుంచి ఆరు గదుల దాకా, అంటే 12 పడకలకి మించకుండా, యజమాని కుటుంబం అక్కడే ఉంటేనే గుర్తింపు. 2019లో కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ రిటైర్మెంట్ హోమ్‌లకి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి అతిథి కోసం, ఒకటి వృద్ధుల కోసం. ఇద్దరూ ఉండే ఇంటికి నిబంధనలు మాత్రం విడిగా లేవు. వాటిని మన రాష్ట్రమే రాయొచ్చు. అందులో రెండు విషయాలు తప్పకుండా ఉండాలి.

మొదటిది, దరఖాస్తు మీద సంతకం ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లది కావాలి, ఆస్తి కాగితాలు ఎవరి పేరున ఉన్నా సరే. అధికారి ఇంటికి వెళ్లి, పిల్లలు ఫోన్‌లో లేనప్పుడు, వాళ్లతో మాట్లాడాలి. వాళ్లు వద్దంటే ఆ ఇల్లు పథకంలో లేనట్టే. వాళ్లు ఆ ఇంట్లోంచి వెళ్లిపోతే లైసెన్సు ఆగిపోవాలి. లేదంటే హోమ్ స్టే బాగా నడిచే కొద్దీ అమ్మని అపార్ట్‌మెంటుకో ఆశ్రమానికో పంపే తొందర పెరుగుతుంది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది కానీ ఎంతమంది తల్లులు కొడుకు మీద ట్రైబ్యునల్‌కి వెళ్తారు? యాత్రికుల ఇళ్లు అదుపు లేకుండా పెరిగితే ఏమవుతుందో బార్సెలోనా చూసింది. పదివేలకి పైగా ఉన్న టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సుల్ని 2028 నవంబరు కల్లా ముగించేస్తామని ఆ నగరం ప్రకటించాల్సి వచ్చింది. మన ఊళ్లు అంతదాకా రాకముందే, ఊరికి ఇన్ని ఇళ్లు అని పరిమితి పెట్టుకోవచ్చు.

రెండోది చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పి తీరాలి. ప్రభుత్వ రాయితీ తీసుకున్న ఇంట్లో అతిథి కులం గానీ, మతం గానీ అడగకూడదు. అద్దె ఇల్లు ఇచ్చేటప్పుడు మన దగ్గర ఈ ప్రశ్న ఎంత మామూలుగా వస్తుందో మీకూ తెలుసు. ఫిర్యాదు వస్తే లైసెన్సు రద్దు అని నిబంధనలోనే రాయండి. దీనికి ఒప్పుకోలేని ఇల్లు ప్రజల డబ్బు అడగకూడదు.

ఇక కాలనీ ఇళ్లలో ఉన్న మామ్మల సంగతి. వాళ్ల ఇళ్లకి పై అంతస్తు ఉండదు. వాళ్ల కోసం ఏటిగట్టుకి బయట, కాస్త మెరకగా ఉన్న ప్రభుత్వ స్థలంలో కొత్త కట్టడం కావాలి. మూడు అడుగుల ఎత్తు మీద కింద పెద్దవాళ్లకి ఎనిమిదో పదో గదులు, ప్రతి గదికీ సొంత తలుపు, సొంత పొయ్యి, మనవడు పక్కన పడుకోవడానికి జాగా. మధ్యలో మండువాలాంటి ఖాళీ. వీధి వైపు ఒక గది ఆశా కార్యకర్తకి, ఒకటి ఉమ్మడి ఆఫీసుకి. పైన యాత్రికుల గదులు, ఒక హాలు. ఆ గదుల అద్దె కింద గదుల కరెంటుకీ, రాత్రి కాపలా మనిషికీ, మరమ్మతులకీ సరిపోవాలి, పెద్దవాళ్ల దగ్గర అద్దె తీసుకోకూడదు. పుష్కరాల రోజుల్లో హాలంతా యాత్రికులకి ఇవ్వండి. 2015 పుష్కరాలు జులైలో జరిగాయి, వరద కాలంలోనే. కాబట్టి ఆ పన్నెండు రోజులకి కూడా ఒక షరతు ఉంది: హెచ్చరిక వస్తే పై అంతస్తులో కింద వాళ్లకి చోటు ముందే వదిలి ఉంచాలి. అక్కడ నిండా బుకింగు తీసుకోకండి.

నేను అడుగుతున్నది ఒక్కసారిగా జిల్లా అంతా చేయమని కాదు. పుష్కరాలకి ముందు మూడు పనులు చేయండి. ఆత్రేయపురం, వాడపల్లి వైపు ఒకటి, దిండి, అంతర్వేది వైపు ఒకటి, రెండు పాత ఇళ్లను వాళ్ల యజమానుల ఇష్టంతో ఇలా మార్చి చూపించండి. కోటిపల్లి రేవుకి దగ్గర్లో ఒక కొత్త కట్టడం మొదలుపెట్టండి. ఇద్దరు ముగ్గురు మేస్త్రిలకి ర్యాంపు, కడ్డీలు, మెట్ల కొలతలు నేర్పించండి. మేస్త్రి నేర్చుకున్న కొలత ఊళ్లో నిలిచిపోతుంది, జీవో కాపీ ఎవరూ తెరిచి చూడరు. ప్లాన్లు తయారయ్యాక కట్టే ముందు సుద్దతో నేలమీద గీసి, అక్కడ ఉండబోయే పెద్దవాళ్లని అందులో నడిపించి చూడండి. మంచం ఎటు, తలుపు ఎటు, రాత్రి లేస్తే చెయ్యి ఎక్కడ పడుతుంది అన్నది వాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఆ రెండు ఇళ్లకీ, కొత్త కట్టడానికీ ప్లాన్లు, అంచనాలు నేను ఫీజు లేకుండా గీసి ఇస్తాను. సైటు చూపించే రోజు చెప్పండి, టేపు పట్టుకుని వస్తాను.

ఇట్లు,
కోనసీమకు చెందిన ఒక సివిల్ ఇంజనీరు